తెర మీద చీలిక

కంప్యూటర్లో అన్నయ్య మూడో ఆట కూడా ఓడిపోయాడు. ఎందుకో గుమ్మంలో నిలబడ్డ చెల్లికి తెలుసు. అతన్ని ఓడించింది అవతలివాళ్ళు కాదు, తనే!

వారం కిందట ఆఫీసులో ఆమె స్క్రీన్ కేబుల్ పాడైంది. అన్నయ్య కొత్త మానిటర్ వెనకున్న లావుపాటి కేబుల్ పీక్కుపోయి, అటక మీద దొరికిన పాతది తగిలించింది. బొమ్మ వచ్చింది కదా, ఇంకేం కావాలి అనుకుంది.

ఆ మానిటర్ కొన్న రోజు అన్నయ్య ఇంటిల్లిపాదికీ క్లాసు పీకాడు. "కంప్యూటర్ ఒకసారి గబగబా బొమ్మలు గీస్తుంది, ఒకసారి నత్తలా గీస్తుంది. మామూలు స్క్రీన్ దానికోసం ఆగదు. పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ, మధ్యలో గుడ్డ చిరిగినట్టు గీత! ఇదైతే బొమ్మ పూర్తయ్యేదాకా ఆగుతుంది. వంటయ్యాకే కంచం పెట్టినట్టు!"

ఆ పాత కేబుల్‌తో ఈ కిటుకు పనిచెయ్యదని ఆమెకి నిన్ననే తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు. పైగా మొన్న "ముసలాడివైపోయావు అన్నయ్యా" అని వెక్కిరించింది కూడా.

స్పీకర్లో అన్నయ్య జట్టు కెప్టెన్ గొంతు ఖంగుమంది. అందరూ అతన్ని బాబాయ్ అంటారు. "ఏరా, చేతులకి ఆముదం రాసుకున్నావా? సాయంత్రమే పోటీలకి సెలక్షన్!"

"కళ్ళు దెబ్బతిన్నాయి బాబాయ్. ఎదుటివాడు రెండు ముక్కలుగా కనిపిస్తున్నాడు. ఇంకొక్కసారి చూస్తా. కాకపోతే నా చోటు వేరేవాళ్ళకి ఇచ్చెయ్."

అన్నయ్య మొహం కడుక్కోడానికి వెళ్ళగానే ఆమె ఆఫీసు నుంచి వెనక్కి తెచ్చిన లావు కేబుల్ బ్యాగులోంచి తీసి, దొంగపిల్లిలా బల్ల కింద దూరి మార్చేసింది. హమ్మయ్య, ఎవరికీ తెలీదు!

అతను వచ్చి ఆట పెట్టాడు. మధ్యలో మళ్ళీ అదే గీత. అన్నయ్య కళ్ళు నులుముకుని, బాబాయ్‌కి తప్పుకుంటానని చెప్పడానికి ఫోన్ అందుకున్నాడు.

"ఆగు అన్నయ్యా! నీ కళ్ళు బానే ఉన్నాయి. కేబుల్ తీసింది నేనే. ఇప్పుడే మళ్ళీ పెట్టా, అయినా ఎందుకో..."

అతను ఆమెని ఎగాదిగా చూసి, మానిటర్ కింద బటన్ నొక్కాడు. కేబుల్ మారినప్పుడు ఆగిపోయిన సెట్టింగ్ అలాగే పడుంది. దాన్ని ఆన్ చేసి ఆటలో గిర్రున తిరిగాడు. వెన్నలా జారింది తెర. చీలిక లేదు.

"వారం నుంచి కళ్ళ డాక్టర్ చుట్టూ తిరుగుతున్నానే!"

"నాకు నిన్ననే తెలిసింది..."

"నిన్న చెప్పొచ్చుగా?"

ఆమెకి అతను తిట్టినా బాగుండు అనిపించింది.

"బాబాయ్, నా చోటు నాకే ఉంచు," అని ఫోన్లో చెప్పి, అన్నయ్య పక్క కుర్చీ కాలితో ఆమెవైపు తోశాడు.

"కూర్చో. మళ్ళీ ఎక్కడైనా చిరిగితే చెప్పు. ఈసారైనా వెంటనే చెప్పు."

ఆమె రెప్ప వెయ్యకుండా తెరనే చూస్తూ కూర్చుంది.