విత్తనం మీద అనుమానం

కవితాళ దగ్గరి మా క్యాంపులో, అంటే వలసొచ్చిన తెలుగు రైతుల ఊళ్ళో, చెంచయ్యగారి విత్తనాల వడ్లంటే అందరికీ గురి. తడి గోనెపట్టాలో మూటకట్టి, మొలక చూడందే ఆయన గింజను నారుమడిలో చల్లనివ్వడు. ఆ పరీక్ష మనుషులకీ పెడతాడని మాత్రం నేననుకోలేదు.

మా అన్నయ్య పోయాక ఆయన కూతురు భావనకి పెద్దదిక్కు నేనే. సింగపూర్‌లో నర్సుగా చేసి వచ్చిన పిల్ల. చెంచయ్యగారబ్బాయి రమేష్‌బాబుతో సంబంధం కుదిర్చాను. తీరా తాంబూలాల వేళ, నేను పళ్ళెం అందిస్తుంటే చెంచయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సీతారావమ్మగారూ, అమ్మాయికి అక్కడ కరోనాకి ఎంఆర్‌ఎన్‌ఏ టీకా వేశారంటగా! అది జన్యువుల్ని మార్చేసిద్దంట. హైబ్రిడ్ వడ్లు చూడండి, మొదటి పంట బంగారం. ఆ గింజలే మళ్ళీ చల్లితే తలో రకంగా వస్తయ్యి. రేపు మనవలు పుడితే ఏం గతి? ముందు జీన్ల పరీక్ష చేయిద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లని గోనెపట్టాలో చుడతావా అని కడిగేసేదాన్నే. భావన నా చెయ్యి నొక్కింది.

"మావయ్యగారూ, నాట్లకి రమ్మని కూలోళ్ళకి కబురు పెడతారు. వాళ్ళొచ్చి నాటేసి పోతారు. ఆ కబురుకి మీ పొలం పట్టా మారిపోద్దా? ఆ టీకా కూడా కబురే. కణాలకి ఓ పని చెప్పి, కొద్ది రోజుల్లో కరిగిపోద్ది. జన్యువులుండే గదిలోకే వెళ్ళదు. కొందరు కుర్రాళ్ళకి అరుదుగా గుండె కండరం వాచిన మాట నిజం, అది దాచను. పుట్టబోయే పిల్లల్ని మార్చడం మాత్రం దాని వల్ల కాదు."

చెంచయ్య మొండివాడే గానీ మూర్ఖుడు కాడు. "ఈ మాట ఎవరన్నా ముందే చెబితే ఇంత గొడవ ఉండేది కాదుగా" అంటూ పళ్ళేనికి చేతులు చాచాడు.

గండం గడిచిందనుకున్నాను. భావన పళ్ళెం మీద చెయ్యి వేసి, పెళ్ళికొడుకు వైపు తిరిగింది.

"మీరు అగ్రికల్చర్ బీఎస్సీ చదివారుగా. ఇదంతా మీకు తెలీదా?"

"తెలుసు" అన్నాడు రమేష్‌బాబు, నేల చూస్తూ. "నాన్నకి ఎదురు చెప్పడం ఎందుకని..."

"నాకు పరీక్ష చేయిస్తానంటున్నా కూడానా?"

అతను తండ్రి వైపు చూశాడు. భావన పళ్ళెం తీసి లోపల పెట్టి వచ్చింది.

"అత్తా, ఈ సంబంధం నాకొద్దు. వంటయిపోయిందిగా, అందరికీ ఆకులెయ్యి. తిని వెళ్తారు."

నేను కుదిర్చిన సంబంధం నా కళ్ళముందే చెడింది. అయినా ఆ పూట వడ్డించినంత దర్జాగా నేను ఏ పెళ్ళిలోనూ వడ్డించలేదు.