వాటా వేయరాని మందు

ఆ పొద్దు మబ్బు గుట్టల మీదికి దిగి కూర్చుంది గానీ చినుకు రాల్చలేదు. భద్రాచలంలో బస్సు మారి, చివరి మలుపు దగ్గర దిగి గోపాలు అడవి దారి పట్టేసరికి తెల్లారిందో లేదో తెలియనట్టుంది. చంకలో ప్లాస్టిక్ సంచి, అందులో నెలకు సరిపడా మాత్రలు. హైదరాబాదు పెద్ద దవాఖానాలో ఊరికే ఇస్తారు. రోజుకు నాలుగు, అన్నంతో పాటు మింగాలి.

గోపాలు వెదురు నరికే మనిషి. సారపాక కాగితపు మిల్లుకు పోయే లారీల మీద లోడు కడతాడు. రెండు వేల అయిదులో రక్తంలో క్యాన్సరని తేలినప్పుడు ఊరు అతని మీద ఆశ వదులుకుంది. ఈ మాత్రలు మొదలుపెట్టిన మూడో నెలకే మళ్లీ కత్తి పట్టాడు.

మొన్న చలికాలం చివర అతని అక్క జంపక్క రొమ్ములో గడ్డ బయటపడింది. తల్లి పోయాక గోపాలును సాకింది ఆమే. వేటకూర వచ్చినా, తునికి పండ్లు నాలుగే దొరికినా, ఆకులు పరిచి ఇద్దరికీ సమంగా వాటా వేసేది. భద్రాచలంలో గడ్డలోంచి ముక్క తీసి చూసిన డాక్టరు క్యాన్సరన్నాడు, పట్నం పొమ్మన్నాడు. గోపాలుకు మొదటి మాటే చాలింది. తనదీ క్యాన్సరే, అక్కదీ క్యాన్సరే. మందేమో ఇంట్లోనే ఉంది.

"నీకు రెండు, నాకు రెండు" అన్నాడు.

"నీ మందు నాకెందుకు తమ్మీ?"

"నేనొక్కన్నే మింగితే గొంతు దిగుతదా అక్కా?"

అట్లా అయిదు నెలలు గడిచాయి. జంపక్క కళ్ల కింద నిండుదనం వచ్చింది, చెంపలు ఉబ్బాయి. ఎదురుపడ్డ వాళ్లంతా ముఖం తేరిందన్నారు.

నిన్న దవాఖానాలో డాక్టరమ్మ రక్తం కాగితం చూసి, అతని ముఖం చూసి, మళ్లీ కాగితం చూసింది. మాత్రలు సరిగ్గా మింగుతున్నావా అని అడిగింది. గోపాలు దాచలేదు. ఆమె తిట్టలేదు కూడా. ఫైలుకు కట్టిన దారాలు రెండు విప్పి బల్ల మీద పెట్టింది.

"మన ఒంట్లో కణం కణంలో ఇట్లాంటి దారాలుంటాయి గోపాలూ. రోజూ తెగుతుంటాయి, ఒళ్లే అతికించుకుంటుంది. నీ రక్తంలో ఒకసారి రెండు దారాలు ఒక్కసారే తెగినై. అతుక్కునేటప్పుడు దీని కొస పోయి దానికి పడింది."

గోపాలుకు ఆ మాట అందింది. ఒకసారి వానలో లోడు మీద రెండు మోకులు ఒకేసారి తెగితే తొందరలో ఒకదాని కొస ఇంకోదానికి ముడేశాడు. మైలు పోకముందే లోడంతా పక్కకు ఒరిగింది.

"ఈ మందు ఆ తప్పు ముడిని పట్టుకుని ఆపుతుంది, అంతే. మీ అక్కకు ఆ ముడి లేదు. ఆమెలో తప్పు వేరే చోట జరిగింది. దానికి పరీక్షలు వేరు, మందులు వేరు. ఎంత ముదిరినా సరే, తీసుకురా."

గోపాలు ఇల్లు చేరేసరికి ముంగిట్లో జంపక్క చీపురు కడుతోంది. లోపల అతని భార్య నాగలక్ష్మి పొయ్యి మీద కోడికూర పెట్టింది.

"ఏంది తమ్మీ, ముఖం గట్ల పెట్టినవ్? బస్సుల మేకపోతు పక్కన కూసున్నవా?" అంది జంపక్క.

గోపాలు నవ్వలేదు. అరుగు మీద కూర్చుని నేల చూస్తూ చెప్పాడు.

"అక్కా, ఆ మందు నీ రోగానిది కాదంట. అయిదు నెల్లు నీకు ఉత్తగ పోగొట్టిన."

"మరి ముఖం మంచిగైందంటిరి గదరా అందరు?"

"వాపంట. మందు తోటి వచ్చిన వాపంట."

జంపక్క కంటి కింద వేలితో నొక్కి చూసుకుంది.

"అయిదు నెల్లు వయసు తిరిగొచ్చిందని మురిసిన" అంది. చీపురు కట్టు బిగించి పక్కన పెట్టింది. "మరి నీది?"

"పెరిగింది. సగం సగం మింగితే రోగం మందును పసిగట్టి, ఇగ దానికి లొంగదంట. ఈ నెల నాలుగూ మింగినంక చూసి చెప్తమన్నరు."

అప్పుడు కోపం వచ్చింది ఆమెకు. "నీ వాటా నీకు చాలకపాయె, నా వాటా నాకు పనికి రాకపాయె. గిదేం పంపకంరా!"

"సోమారం పోదమక్కా. నీకు వేరే మందులున్నయంట."

 జంపక్క గొంతు తగ్గించి అంది. "చంకల గూడ గడ్డ తగులుతాంది తమ్మీ. వానలకు ముందు నుంచి. నువ్వేమో నీ నోటికాడి మందు పెడ్తుంటివి. తగ్గుతలేదని నీకెట్ల జెప్పాలె?"

 గడప దగ్గర నాగలక్ష్మి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"లే, కూర చల్లారుతది" అంది జంపక్క. "సోమారం ఏ బస్సో నువ్వే చెప్పు."

మోదుగాకు విస్తళ్లు మూడు పరిచింది. ఎప్పటిలాగే కూర తనే పంచింది, ముక్క ముక్క చూసి, మూడు సమానంగా. సంచి విప్పి నాలుగు మాత్రలు తీసి తమ్ముడి ఆకు పక్కన పెట్టింది. అలవాటుగా గోపాలు చెయ్యి రెండు మాత్రలను ఆమె వైపు జరిపింది. జంపక్క ఒక్క వేలితో వాటిని వెనక్కి తోసింది.

నాలుగూ మింగేదాకా చూసి, అప్పుడు తను ముద్ద కలిపింది. ముగ్గురూ తిన్నారు.