కళ్ళు గీసిన ఫోటో

యంత్రం నోట్లోంచి జారిపడుతున్న మొక్కజొన్న రొట్టెలను ఓతీలియా ఒట్టిచేత్తో అందుకుని దొంతి పెడుతోంది. నలభై ఒక్క ఏళ్ళుగా అదే పని. వేళ్ళ కొసలు తోలులా మందమై వేడి తెలియడం మానేశాయి. కుడి భుజం కిందికి వాలిపోయింది. అమేకా పట్నంలో సగం మంది ఆమె చేతి రొట్టెలే తిన్నారు. ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ.

మధ్యాహ్నం రెండింటికి కిలో రొట్టెలు గుడ్డలో చుట్టుకుని ఇంటికి నడిచింది. అక్క కసీల్డా మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. గుండె నీరసించి నెలరోజులుగా పాదాలు ఉబ్బే ఉన్నాయి.

"ఇప్పుడా రావడం? నేను పోయాక రాస్తావా పేర్లు?"

"నువ్వంత తేలిగ్గా పోవులే అక్కా."

ఫోటోల వెనక పేర్లు రాసిపెట్టమన్నది కసీల్డా మనవరాలు. ఆమెకిప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు తనవాళ్ళెవరో తెలియాలంది. సిరా అయితే బొమ్మవైపుకు దిగుతుందని, అక్క చెబుతుంటే ఓతీలియా పెన్సిలుతో మెల్లగా రాస్తోంది.

"ఈ మీసాలాయన?"

"ఎలెవుతేరియో బాబాయి. గాడిద తన్ని చచ్చాడు. అది మాత్రం రాయకు."

"రాస్తేనేం?"

"గాడిదకు పేరొస్తుంది."

తర్వాతి ఫోటోకు అడగాల్సిన పని లేదు. అమ్మ ఒడిలో పాప. తెల్లని లేసు గౌను, తలమీద కాగితపు కిరీటం, గుండ్రని కళ్ళు. చిన్నప్పుడు అది గోడమీద ఉండేది. వచ్చినవాళ్ళందరికీ ఓతీలియా దాన్ని 'నేనే' అని చూపించేది. వెనక్కి తిప్పి 'ఓతీలియా, పది నెలలు' అని రాసింది.

"అది నువ్వు కాదే," అంది కసీల్డా.

"మరెవరు?"

"నీకంటే ముందుది. జ్వరమొచ్చి పోయింది. పాతిపెట్టే ముందు తీయించారు."

"కళ్ళు తెరిచే ఉన్నాయిగా!"

"మూసిన రెప్పల మీద ఫోటోవాడు కళ్ళు గీశాడు. అమ్మే గీయమంది." కసీల్డా ఊపిరి తీసుకుంది. "మూడేళ్ళకు నువ్వు పుట్టావు. దాని పుట్టుక కాగితం ఇంట్లోనే ఉంది. మళ్ళీ ఆఫీసు చుట్టూ ఎవడు తిరుగుతాడని నాన్న ఆ పేరూ ఆ తేదీ నీకిచ్చాడు."

ప్రతి పుట్టినరోజుకూ అమ్మ ఓతీలియా చేతిలో తీపిరొట్టె పెట్టి, పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి గాని తిరిగి వచ్చేది కాదు. పొగకు కళ్ళు మండాయనేది. ఓతీలియా పెన్సిలును రబ్బరున్న వైపుకు తిప్పింది.

"రాసింది చెరిపేయనా?"

"ఎందుకూ? దాని పేరే కదా అది."

"నా పేరో?"

కసీల్డా ఫోటోల పెట్టెను దగ్గరికి లాక్కుంది.

"పోనీ, నేను పుట్టిందెప్పుడో చెప్పు."

"చెబుతా. ఇంకెవరికి తెలుసు, నాకు తప్ప? పదహారేళ్ళ వయసులో, ఆ పురుటికి నీళ్ళు కాచింది నేనే. ముందు కాస్త తిండి పెట్టవే, కడుపు మాడిపోతోంది. ఈలోగా గుర్తు చేసుకుంటా."

ఓతీలియా వంటింట్లో బీన్స్ పులుసు వెచ్చబెట్టింది. అక్క పెట్టె కెలుకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

గిన్నెతో వచ్చేసరికి కసీల్డా తల దిండు మీద పక్కకు వాలి ఉంది. "అక్కా," అంది. రెండోసారి పిలవలేదు. గిన్నె కిందపెట్టి మంచం పట్టె మీద కూర్చుంది. వీధిలో ఎవరో కొళాయి కట్టేశారు.

దుప్పటి మీద, కసీల్డా వేళ్ళ కింద, పెట్టెలోంచి ఏరి తీసిన ఫోటో ఒకటి ఉంది. పదహారేళ్ళ కసీల్డా, ఆమె చంకలో కళ్ళు గట్టిగా మూసుకుని గుక్కపెట్టి ఏడుస్తున్న పసిపాప. వెనక ఏమీ రాసి లేదు.