ఇద్దరూ కూర్చోవాలి

పెళ్ళయి రెండు నెలలు దాటినా ఆమె తన మొగుడికి ఎదురుగా కూర్చుని ఒక్క పూట కూడా బయట భోంచెయ్యలేదు. ఇది ఎవరితోనైనా చెప్పుకునే మాట కాదు. చెప్పుకుంటే, "ఓస్, ఇంతేనా!" అంటారు. అందుకని ఎవరికీ చెప్పకుండా, మధ్యాహ్నాలు ఊరి మీద పడి, చవగ్గా తిండి ఎక్కడ దొరుకుతుందో వెతకడం మొదలుపెట్టింది. మంచి చోటు దొరికితే ఏదో ఒక రోజు అతన్ని తీసుకెళ్ళొచ్చని ఆశ.

అతను లిఫ్టు మెకానిక్. మధ్యాహ్నం పన్నెండింటికి డ్యూటీకి వెళ్తే, ఆమె నిద్రపోయాక వచ్చేవాడు. ఆమెకి కళ్ళద్దాల షాపులో ఒక పూట ఉద్యోగం. పొద్దున్నే వెళ్ళి, వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, ఒంటిగంటకి గదికి తిరిగొచ్చేది. ఆమె వెళ్ళేటప్పుడు అతను నిద్రలో ఉండేవాడు. ఆమె వచ్చేసరికి తలుపు మీద అతని తువ్వాలు మాత్రం ఉండేది. తాళం తీసిన వెంటనే ఆ తువ్వాలు తడిమి చూసేది. ఇంకా తడిగా ఉంటే ఒక చిన్న సంతోషం, ఇప్పుడే వెళ్ళాడన్నమాట అని.

సెలవు రోజున అతను నిద్రపోయేవాడు. మామూలు నిద్ర కాదు, ఎవరో ప్లగ్గు పీకేసినట్టు నిద్ర. పక్కన కూర్చుని ఆమె అతని చెవి వెనక పుట్టుమచ్చ చూసుకుంటూ ఉండేది. అదీ బాగానే ఉండేది. కాకపోతే పుట్టుమచ్చతో ఎంతసేపని కబుర్లు చెప్తాం?

ఊరు తిరగగా తిరగగా ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఎంత పిసినారి దుకాణానికైనా రోజులో ఒక మెత్తని ఘడియ ఉంటుంది. బేకరీకి నాలుగింటికి. అప్పుడు విరిగిన బిస్కట్లన్నీ ఒక కవర్లో పోసి సగం ధరకి ఇచ్చేస్తారు. విరిగితే మాత్రం రుచి ఎక్కడికి పోతుంది? జ్యూసు బండివాడికి ఎండ దిగేటప్పుడు. మచ్చపడ్డ పళ్ళన్నీ కలిపి తీసిన రసానికి అతను ఏ పేరూ పెట్టలేదు, అదే అన్నిటికంటే బాగుంటుంది. స్టేషను ఎదురుగా టీ కొట్లో ఎవరి కప్పు వాళ్ళు తెచ్చుకుంటే అంచుదాకా పోస్తారు. ఇంట్లో ఉన్నవాటిలో అతిపెద్ద కప్పు సంచిలో వేసుకుని వెళ్ళిన మొదటి రోజు, టీ కొట్టతను ఆ కప్పునీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "చెంబు లేదామ్మా ఇంట్లో?" అన్నాడు. దారంతా నవ్వుకుంటూ వచ్చింది. గదికొచ్చాక ఆ నవ్వు ఎవరికి చెప్పాలో తెలియలేదు.

పెద్దాసుపత్రి క్యాంటీన్లో వేడి సూపు, రొట్టె చాలా చవక. ఎవర్ని చూడ్డానికొచ్చావని ఎవరూ అడగరు. ఒక్కసారే, పక్కన కూర్చున్నావిడ, "మీవాళ్ళకి ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"బాగానే ఉన్నారండీ," అంది ఆమె. "కాకపోతే చూడ్డానికి కుదరట్లేదు."

ఆవిడ జాలిగా తల ఊపి, తన సూపులోంచి రెండు చెంచాలు ఈమె గిన్నెలో పోసింది.

ఆసుపత్రిలో ఆవిడతో మాటలు తప్ప మిగతావన్నీ ఆమె దుకాణాలవాళ్ళు పంచే రంగు కాగితాల వెనక రాసి బల్ల మీద పెట్టేది. తెల్లారి చూస్తే కింద అతని కోడికాళ్ళ రాతలో జవాబుండేది. "గూఢచారి గారూ, మొన్నటి చెంబు సంగతి గుర్తొచ్చి ఆరో అంతస్తులో ఒక్కణ్ణే నవ్వాను. లిఫ్టులో ఉన్న పెద్దాయన భయపడ్డాడు."

అలా ఆమెకి గూఢచారి అని పేరు స్థిరపడిపోయింది.

ఒక బుధవారం గూఢచారికి ఆ బోర్డు కనిపించింది. నాలుగు రోడ్ల మూల మీద ఒక పాత హోటలు, బయట నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో గుండ్రని అక్షరాలు: బుధవారం రెండు నుంచి మూడు దాకా ఒకరి ధరకి ఇద్దరికి భోజనం. ఇద్దరూ కూర్చోవాలి. పార్సెల్ లేదు.

ఇద్దరూ కూర్చోవాలి! అక్కడే నిలబడి మూడుసార్లు చదివింది. ఇది ఆఫర్ కాదు, ఎవరో తన మనసులోది తీసి బోర్డు మీద రాశారు.

ఆ రాత్రి కాగితం వెనక అంతా వివరంగా రాసింది. పొద్దున జవాబుంది. "వచ్చే బుధవారం, రెండింటికి. భోజనానికి అరగంట ఇస్తారు. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా సరే. ఒట్టు."

ఆ బుధవారం ఆమె అప్పటిదాకా మడత విప్పని కొత్త బట్టలు కట్టుకుని, ఒకటీ నలభైకే హోటలు ముందుంది. తలుపు పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి, చంకలో చేతిసంచి, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. వచ్చేపోయేవాళ్ళని ఒక చూపు చూసి, ఒంటరిగా వచ్చినవాళ్ళని ఆపి, "ఒక్కరేనా? ఈయనా ఒక్కరే, జతగా వెళ్ళండి," అని లోపలికి పంపిస్తోంది. ఒక మందుల కంపెనీ ఏజెంటునీ, ఒక లారీ డ్రైవర్నీ అలాగే కలిపేసింది. వాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూనే వెళ్ళి కూర్చున్నారు.

"ఒక్కదానివేనా అమ్మాయ్?" అందావిడ ఈమె దగ్గరికొచ్చి.

"లేదండీ! మా ఆయన వస్తున్నారు," అంది ఆమె, అవసరమైనదానికన్నా గట్టిగా.

"మంచిది. కిటికీ పక్క బల్ల పట్టుకో, గాలొస్తుంది."

ఆమె కిటికీ పక్కన కూర్చుంది. రెండున్నరకి ఫోనొచ్చింది.

"పదకొండో అంతస్తులో ఇరుక్కున్నారు. ముగ్గురు. అందులో ఒకావిడ ఏడుస్తోంది. నువ్వు తినెయ్."

"ఒట్టు పెట్టారు."

"నేను రాసింది ఎవరు ఇరుక్కున్నా సరే అని. ఏడుస్తారని రాయలేదుగా," అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేదు. వెనకాల ఎవరో తలుపు బాదుతున్న చప్పుడు వినబడింది.

"సరే. పాపం ఆవిడ్ని ముందు దించండి."

కౌంటరాయన మెడ చాచాడు. పెద్ద మీసం, చిన్న గొంతు. "ఏమ్మా, మీవారు వచ్చారా?"

"బండి పెడుతున్నారండీ."

ఆ బండి పెట్టడం పదిహేను నిమిషాలు పట్టింది. లేచి వెళ్ళిపోదామంటే అందరిముందూ లేవాలి. కూర్చుందామంటే ఎదుటి కుర్చీ తననే చూస్తున్నట్టుంది. మూడుకి పది నిమిషాలుందనగా అద్దంలోంచి బయటికి చూసింది. అందర్నీ జతలు కలిపి పంపించిన పెద్దావిడ ఒక్కతే మిగిలిపోయి, సంచి చంక మార్చుకుంటూ, రోడ్డుకేసి చూస్తోంది. తను సరేననుంటే ఆవిడ ఈపాటికి తిని కూడా ఉండేది. సిగ్గేసింది. అద్దం మీద వేలితో టకటకా కొట్టి, రమ్మని చెయ్యూపింది.

ఆవిడ వచ్చి కూర్చుంటుంటే కౌంటరాయన, "బండి పెట్టడం అయిందామ్మా?" అన్నాడు.

"అయింది. చాలా పెద్ద బండి," అంది పెద్దావిడ తడుముకోకుండా.

ఇద్దరూ ఫక్కున నవ్వారు.

"థాంక్స్ ఆంటీ."

"ఆంటీ ఏంటి, నేనేమన్నా మీ పక్కింటిదాన్నా? పిన్నీ అను. ఇక్కడ రూల్సు రెండే. జీతం అడక్కూడదు. ముందు తిన్నవాళ్ళు ముందు లేవకూడదు."

పిన్ని టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ముప్ఫై ఏళ్ళు చెవికి ఫోను పెట్టుకుని వాళ్ళకి వీళ్ళనీ వీళ్ళకి వాళ్ళనీ కలిపింది. "లైను కలిసిందంటే మనం తప్పుకోవాలి, వినకూడదు," అంది రొట్టె తుంచుతూ. "రిటైరయ్యాక మొదటి ఏడాది ఇక్కడే గోడవైపు తిరిగి ఒక్కదాన్నే తిన్నాను. పూర్తి ధరిచ్చి మరీ. తరవాత ఈ బోర్డు పెట్టారు. సరే, మనకి తెలిసిన పనేగా అనుకున్నాను. అందర్నీ కలిపాక, ఎవరన్నా మిగిలితే వాళ్ళు నా జత."

"ఎవరూ మిగలకపోతే?"

"ఆ రోజుకి నడకైనా అయిందనుకుంటాను."

ఆ తరవాత మూడు బుధవారాలు ఆమె పిన్నితోనే తింది. అతను రాలేకపోయాడు. ఒకసారి వైరు తెగింది, ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి ఆమే అడగలేదు. అడిగి లేదనిపించుకోవడం కన్నా అడక్కపోవడం తేలిగ్గా ఉందని, ఆ రోజు సూపు తాగుతూ కనిపెట్టింది. కనిపెట్టాక సూపు సహించలేదు.

నాలుగో బుధవారం గదికొచ్చి తువ్వాలు తడిమితే, అది ఇంకా నీళ్ళు కారుతోంది. లోపల అతను ఇస్త్రీ చొక్కాలో, తల దువ్వుకుని, బుద్ధిగా మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"గూఢచారి గారూ, పదండి. మూడింటిదాకా డ్యూటీ వేరేవాడికి అప్పగించాను."

దారంతా ఆమె కాళ్ళు నేల మీద లేవు. అదిగో బేకరీ, ఇదిగో చెంబు అన్న టీ కొట్టు అని చూపిస్తూనే ఉంది. అన్నీ కాగితాల్లో చదివినవే అయినా అతను "ఓహో, ఇదేనా!" అంటూనే ఉన్నాడు. రాత్రంతా ఎక్కడో లిఫ్టు గుంతలో ఉండి పొద్దున పదింటికి ఇల్లు చేరాడని మధ్యలో ఎప్పుడో అన్నాడు. ఆమె సరిగ్గా వినలేదు.

తలుపు దగ్గర పిన్ని వాళ్ళిద్దర్నీ చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది.

"అబ్బో, లైను కలిసిందన్నమాట! వెళ్ళండి వెళ్ళండి, కిటికీ పక్క ఖాళీగా ఉంది," అని గబుక్కున తప్పుకుని రోడ్డువైపు తిరిగింది.

కూర్చున్నారు. ఎదురెదురుగా. అతని మోచేతులు బల్ల మీద, ఆమె మోచేతులు బల్ల మీద. ఇన్నాళ్ళనుంచి దాచుకున్న కబుర్లలో ఏది ముందు చెప్పాలో తెలియక, ఆసుపత్రిలో సూపు పోసినావిడతో మొదలుపెట్టింది. భోజనాలొచ్చాయి. "నేనన్నానూ, బాగానే ఉన్నారండీ, కాకపోతే..." అని తల ఎత్తేసరికి అతను నిద్రపోతున్నాడు.

చేతిలో చెంచా అలాగే ఉంది. గడ్డం ఛాతీ మీదికి వాలింది. కంచంలో ఒక్క మెతుకు కదల్లేదు.

లేపాలా? వద్దా? గోడ గడియారంలో మూడుకి ఇరవై నిమిషాలుంది. చెయ్యి చాస్తే అందుతాడు. పేరు పెట్టి పిలిచినా చాలు, ఉలిక్కిపడి లేచి, "వింటున్నా, చెప్పు," అంటాడు. నిజంగా వింటాడు కూడా, కళ్ళు మూతలు పడకుండా లాక్కుంటూ. ఆ కళ్ళు ఆమెకి ముందే కనిపించాయి. చాచిన చెయ్యి అతని చేతిలోని చెంచా మాత్రం మెల్లగా తీసి పక్కన పెట్టింది.

బయట పిన్ని ఇవాళ కూడా ఒక్కతే మిగిలింది. ఆమె అద్దం మీద వేలితో కొట్టింది, ఈసారి మెల్లగా.

మూడో కుర్చీ లాగడం చూసి కౌంటరాయన లేచొచ్చాడు. "ముగ్గురికి లేదమ్మా."

"ముగ్గురం కూర్చున్నామండీ," అంది ఆమె గుసగుసగా. "తినేది ఇద్దరమే."

ఆయన నిద్రపోతున్న మనిషిని చూశాడు, గోళ్ళలో గ్రీజు చూశాడు. "మా బిల్డింగులో లిఫ్టు కూడా ఈయనే బాగుచేసినట్టున్నాడే," అని గొణిగి, చెంచాల చప్పుడు చెయ్యొద్దని సర్వరుకి సైగ చేసి వెళ్ళిపోయాడు.

అతని కంచం పిన్ని ముందుకి జరిగింది. ఇద్దరూ అతన్ని పక్కనే పెట్టుకుని, పసిపిల్లాడు పడుకున్న గదిలోలాగ చిన్న గొంతులతో మాట్లాడుకున్నారు. ఆసుపత్రి సంగతి పిన్నే పూర్తిగా వింది. తన రొట్టె మాత్రం ఆమె తినలేదు. కాగితపు రుమాల్లో చుట్టి, ఇస్త్రీ చొక్కా జేబులోకి నెమ్మదిగా జారవిడిచింది. తల తిప్పితే కౌంటరాయన ఇటే చూస్తున్నాడు. పార్సెల్ లేదన్న మాట ఆయన వెనక గోడ మీద కూడా రాసి ఉంది. ఆయన తీరిగ్గా గడియారంవైపు తిరిగి, దానికి కీ ఇవ్వాలేమో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

మూడు కొడుతుండగా అతని ఫోను మోగింది. ఉలిక్కిపడి లేచి, ఖాళీ కంచాలు చూశాడు.

"నేను తిన్నానా?"

"శుభ్రంగా తిన్నావు అల్లుడూ," అంది పిన్ని.

"ఆకలి మాత్రం అలాగే ఉందండీ." సిగ్గుపడుతూ నవ్వి, ఆమెవైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి, మళ్ళీ మోగుతున్న ఫోనెత్తి, "ఏ అంతస్తు?" అంటూ పరిగెత్తాడు.

మర్నాడు ఒంటిగంటకి ఆమె తాళం తీసేసరికి తువ్వాలు ఆరిపోయి ఉంది. బల్ల మీద గులాబీరంగు కాగితం.

"గూఢచారి గారూ, జేబులో రొట్టె దొరికింది. తొమ్మిదో అంతస్తుకీ పదో అంతస్తుకీ మధ్య ఒక గుమాస్తా ఇరుక్కున్నాడు. తలుపు సందులోంచి సగం అతనికిచ్చి, బయట కూర్చుని సగం నేను తిన్నాను. ఆసుపత్రిలో ఆవిడ 'మీవాళ్ళకి ఎలా ఉంది' అన్నదాకా విన్నాను. నువ్వేమన్నావో రాయి."

ఆమె ఆ కాగితాన్ని మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి, ఎదురుగా నిలబెట్టింది. రెండో కుర్చీ మీది ఉతికిన బట్టలన్నీ తీసి మంచం మీద పడేసింది. విరిగిన బిస్కట్ల కవరు విప్పి, కూర్చుని, పెన్ను మూత తీసింది.