గండభేరుండం ఎడమ తల

గండభేరుండాన్ని నేను. రెండు తలలు, ఒకటే పొట్ట. ఆ పొట్టలోనూ ఆకలికి బదులు ఓ గాలి కంప్రెసరు ఉంది. నాలుగంతస్తుల మేడంత ఎత్తుంటాను. భీమిలి దాటాక కొండవాలులో కొత్తగా కట్టిన పార్కులో, రోలర్ కోస్టర్ సొరంగం ముందు రెక్కలు విప్పుకుని నిలబడ్డాను. రైలు నా రెండు మెడల మధ్య నుంచి దూసుకుపోవాలి, ఎక్కినవాళ్లు గుండెలు చేత్తో పట్టుకోవాలి. నా పుట్టుకకి అంతకు మించిన పరమార్థం లేదు.

పుట్టింది గాజువాకలో ఓ రేకుల షెడ్డులో. ఇనుప ఎముకలు, ఫైబర్ చర్మం. ఈకలకి ఏ రంగు వెయ్యాలన్న దగ్గర పెయింటర్లు రెండు వర్గాలైపోయి మాటలు మానేశారు. అందుకే నా కుడి రెక్క నెమలి మెడలా, ఎడమ రెక్క ఎండుమిరపకాయల కళ్లంలా ఉంటుంది. చూసినవాళ్లు మాత్రం పురాణంలో చెప్పినట్టే ఉందని తలలూపుతారు. తలల్ని చెరో లారీలో తెచ్చారు. కుడి తల పొద్దున్నే దిగింది. ఎడమ తల లారీ దారిలో పంచరై, జనం చేత పసుపు కుంకుమలు పెట్టించుకుని, దీపాలవేళకి చేరింది. ఆలస్యం దానికి అక్కడే అలవాటైందని నా అనుమానం.

మెడ ఎలా వంచాలో, ఎప్పుడు అరవాలో నాకు నేర్పింది పద్మలత అనే ఇంజనీరు. ఇంత పెద్ద పని ఆవిడ భుజాన పడటం ఇదే మొదలు. ఊరందరినీ భయపెట్టే యంత్రం తయారుచేసిన మనిషికి డాబా మీంచి కిందికి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. బోల్టులు చూడ్డానికి పైకెక్కినప్పుడల్లా నా మెడని కావలించుకుని కళ్లు మూసుకునేది. ఆ రహస్యం మా ఇద్దరిదీ.

పార్కు యజమాని సన్యాసిరాజు గారు. సన్యాసాన్ని ఆయన పేరు దాటి బయటికి రానివ్వలేదు. విశాఖ నుంచి విజయనగరం దాకా గోడలన్నిటి మీదా నా బొమ్మ అంటించి, కింద 'వస్తోంది! గుండె దిటవు చేసుకోండి!' అని రాయించారు.

ప్రారంభం ఇంకో వారంలో ఉందనగా ఖాళీ రైలు నడిపి చూశారు. రైలు రాగానే కుడి తల ఠంచనుగా వంగి గర్జించింది. ఎడమ తల మాత్రం, అందరూ నవ్వడం అయిపోయాక జోకు అర్థమైన కొత్తల్లుడిలా, రైలు సగం దాటాక అరిచింది.

"ఏటమ్మా ఇది? రెండూ కలిసి అరవాలన్నాను కదా!" అన్నారు రాజుగారు.

పద్మలత వైర్లు మార్చింది, గొట్టాలు మార్చింది. ఎడమ తల మారలేదు. రెండు రోజులు చూసి రాజుగారు గ్యాస్ కట్టర్ తెప్పించారు.

"ఆ తల కోయించెయ్యమ్మా. ఒకటే ఉంటే గరుత్మంతుడంటాం. ఎవడడగొచ్చాడు?"

నా పొట్టలో గాలి ఒక్కసారి బిగదీసుకుంది.

"రాజుగారూ, మనం కింద నుంచే చూస్తున్నాం," అంది పద్మలత. "రైల్లో కూర్చున్నవాళ్లకి ఎలా ఉంటుందో చూడకుండా తీసేస్తే ఎలాగండీ? ఓసారి ఎక్కి చూడండి."

"నానెక్కడమా? నా మోకాళ్లు..."

"కూర్చోడమే కదండీ."

"ఈవేళ అమావాస్య."

"నిన్ననే వెళ్లిపోయిందండీ."

పనివాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. రాజుగారికి పౌరుషం వచ్చింది. "అయితే నువ్వూ ఎక్కు!"

పద్మలత మొహంలో నెత్తురు చుక్క లేదు. తలెత్తి నా ఎడమ తలకేసి ఓసారి చూసింది. "పదండి," అంది.

ముందు వరుసలో ఇద్దరే వచ్చారు. రాజుగారు మీసం మీద చెయ్యేసుకుని, ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని. కుడి తల గర్జించింది. రాజుగారు ఉలిక్కిపడి, వెంటనే తేరుకుని, "ఇంతేనేటి!" అని నవ్వారు. పద్మలత కూడా ఊపిరి వదిలి కళ్లు తెరిచింది.

సరిగ్గా అప్పుడు చెవుల వెనక ఎడమ తల.

"ఓలమ్మో!"

రాజుగారి ఆ కేకలో నా గర్జన నాకే వినిపించలేదు. రైలు ఆగాక కూడా రాజుగారు పద్మలత చెయ్యి వదల్లేదు. ఆవిడ కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

రాజుగారు సీసాడు నీళ్లు తాగి, కట్టర్ పట్టుకున్నవాడి వంక చూశారు. "ఆ తల జోలికెళ్తే ఊరుకోను." మీసం సర్దుకుని, "ఇంకోసారి పోనీండి. ఈసారి అరవను," అన్నారు.

అరిచారు.

తప్పెక్కడుందో తర్వాత పద్మలతకి దొరికింది. ఒక వాల్వు కాస్త బిగుసుకుంది, అంతే. చూసి, మూత పెట్టేసి, చేతులు దులుపుకుని దిగిపోయింది.

ఈ ఉదయం గేట్లు తెరిచారు. దిష్టి తీయించుకోనిదే గడప దాటని మనుషులు, భయపడటానికి ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. కింద గొలుసు కదిలింది, రైలు ఎక్కుతోంది. అప్పుడే కేకలు మొదలయ్యాయి.

నేనింకా నోరు తెరవనే లేదు.