పళ్ళెంలో ఎడమ సగం

రలిత్సా ఆ రోజూ సగమే తిన్నది. పళ్ళెంలో కుడివైపు కడిగినట్టుగా ఉంది. ఎడమవైపు బంగాళాదుంపలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"అమ్మమ్మా, ఇంకొంచెం పెట్టు. ఆకలేస్తోంది."

"గాబ్రొవో పిల్లవనిపించావే! సగం రేపటికి దాచుకుంటున్నావా?" అంది దోంకా. పిసినారులకు పేరుపడ్డ ఊరు కనుక ఆ ఇంట్లో అలాంటి ఎగతాళి మామూలే.

"దాచడమేంటి? అయిపోయిందిగా!"

"వేళాకోళమా?" చెప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని అప్పుడే వచ్చిన తల్లి నెవెనా గయ్యిమంది. "పదిరోజులుగా ఇదే వరస! ఆస్పత్రిలో అందరూ గారాబం చేసి పాడుచేశారు."

నవంబరులో సైకిల్ మీంచి పడి తలకు దెబ్బ తగిలిన తొమ్మిదేళ్ళ పిల్ల, సోఫియాలో మూడు నెలలు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. నడుస్తోంది, మాట్లాడుతోంది, ఎక్కాలు తడుముకోకుండా చెబుతోంది. ఇక ఇది మొండితనం కాక మరేమిటి?

దోంకా పళ్ళెం తీయబోయింది. చెంచా జారి కింద పడటంతో, పళ్ళెం మళ్ళీ బల్ల మీద పెట్టి వంగింది. పళ్ళెం తిరిగి ఎడమవైపుది కుడివైపుకు వచ్చింది.

"అబ్బ, ఎప్పుడు పెట్టావు?" అంటూ రలిత్సా మిగిలిందంతా తినేసింది.

దోంకా చెంచా కడుగుతూ ఆ పళ్ళెం వంకే చూసింది. ముప్ఫై ఏళ్ళు బట్టల మిల్లులో నేతలో తప్పులు వెతికిన మనిషి ఆమె. మర్నాడు బల్ల మీద పది గుండీలు వరసగా పేర్చి లెక్కపెట్టమంది. "ఐదు" అంది పిల్ల. కుర్చీ బల్లకు అవతలివైపు వేసి కూర్చోబెట్టింది. మళ్ళీ "ఐదు." కానీ ఈసారి ముట్టుకున్నవి వేరే ఐదు! అప్పుడు గమనించింది, పిల్ల జుట్టు కూడా కుడివైపే దువ్వుకుంటోంది.

గురువారం కాలినా మొదటిసారి వాళ్ళింటికి వచ్చింది. తలకు దెబ్బ తగిలిన పిల్లలున్న ఇళ్ళకు తోడుగా ఉండే కేంద్రం నుంచి. దోంకా గుండీల సంగతి చెబితే ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

"మీరే కనిపెట్టారా! ఆస్పత్రి కాగితాల్లో రాశారు, మీకెవరూ విడమరిచి చెప్పలేదంతే. కళ్ళు బాగానే ఉన్నాయండీ. ఎడమవైపు ఏదైనా ఉందన్న ధ్యాస మెదడుకు పోయింది."

"అంటే అటంతా చీకటా?"

"చీకటైతే చీకటని తెలుస్తుందిగా. తనకి అసలు 'అటు' అన్నదే లేదు."

నెవెనా మొహం కప్పుకుని ఏడ్చింది. "రోజూ తిట్టానమ్మా దాన్ని..."

"మంగళవారం మా దగ్గరకి రండి. నలుగురు తల్లులు వస్తారు. అందులో ఒకావిడ ఏడాది తిట్టింది. ఆవిడే మీకు కాఫీ ఇస్తుంది" అంది కాలినా.

తర్వాత బల్లకు ఎడమ అంచున ఎర్ర నూలుదారం అంటించింది. "ఎర్రది కనబడేదాకా తల తిప్పు, సరేనా? బామ్మగారూ, మీరు తనకి ఎడమవైపే కూర్చోండి."

అంతా వింటున్న రలిత్సా అడిగింది: "అమ్మమ్మా, నీకూ కనబడనిదేదైనా ఉంటే నీకెలా తెలుస్తుంది?"

దోంకా కాలినా వైపు చూసింది.

"నన్ను చూడకండి, నాకూ తెలీదు" అని నవ్వింది కాలినా.

అంత తేలిగ్గా ఏదీ కుదరలేదు. రలిత్సా ఎడమ భుజం గుమ్మాలకు తగిలి కమిలిపోయేది. పుస్తకంలో వాక్యాలు సగం నుంచి చదివి, కథకు తలా తోకా లేదని విసిరికొట్టేది. ఏప్రిల్‌లో బడికి ఒక్కపూట వెళ్ళడం మొదలుపెట్టింది, ఇంటికొస్తూనే అలసి పడుకునేది.

అమ్మమ్మతో కలిసి వెళ్ళే బడి దారిలో ఒక వింత పిల్లను పట్టుకుంది. వెళ్ళేటప్పుడు లేని రొట్టెల దుకాణం, వచ్చేటప్పుడు ఉంటోంది! పిల్లే కనిపెట్టాలని దోంకా కారణం చెప్పలేదు.

ఒక ఉదయం రలిత్సా ఆగింది. ముక్కుకు రొట్టెల వాసన తగిలింది. తల కొంచెం తిప్పింది, ఇంకొంచెం, గడ్డం భుజానికి ఆనేదాకా.

"ఇదిగో! ఇప్పుడూ ఇక్కడే ఉంది!"

"ఎక్కడికి పోతుందే?"

"దాని పక్కన ఏముంది?"

"చూడు మరి."

చెప్పులు కుట్టే కొట్టు. దాని పక్కన నీలం తలుపు. తలుపు ముందు పిల్లి. ఆ వీధి చివరికి చేరడానికి వాళ్ళకు గంట పట్టింది. అప్పటికి బడిలో మొదటి పాఠం అయిపోయింది.