గడప దాటని యాత్ర

సుకెర్తి బాలి ద్వీపం నుంచి కాశీకి వచ్చి సంస్కృతం చదువుకుంటోంది. పరీక్షలు దగ్గర పడ్డాయి. అయినా అమ్మానాన్నలు చూడడానికి వస్తున్నారని తెలిసిన రోజు నుంచీ ఆమె కాలు నేల మీద నిలవలేదు. ఏ గుడి ముందు, ఏ గుడి తర్వాత అని నిద్రలోనూ అదే ధ్యాస. తీరా వచ్చాక వాళ్లు ఒక్క గుడిలోకీ అడుగు పెట్టలేదు.

దుర్గమ్మ గుడి దగ్గర అమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. "నేనిక్కడ కూర్చుంటా. నువ్వూ కూర్చో, ఒక్కదాన్నే ఉంటే నాకేం తోస్తుంది?" అంది. నాన్న చెప్పులకు కాపలా ఉంటానన్నాడు.

హనుమంతుడి గుడి దగ్గర కోతులంటే భయమంది అమ్మ. సుకెర్తి నోరు వెళ్లబెట్టింది. వాళ్ల ఇల్లు కోతుల అడవి పక్కనే. పెరట్లో అరటిగెల మీదికొచ్చిన కోతుల్ని చీపురు తిరగేసి తరిమే మనిషి, ఇక్కడ ఓ పిల్లకోతిని చూసి నాన్న వెనక దాక్కుంది.

"మన కోతులకు మన మాట తెలుస్తుంది. ఇవి హిందీ కోతులు తల్లీ" అన్నాడు నాన్న. తనే నవ్వి, నవ్వు సగంలో ఆపేశాడు.

విశ్వనాథుడి గుడి సందు మొదట్లో, జనం ఎక్కువగా ఉన్నారని అమ్మ మళ్లీ ఆగేసరికి సుకెర్తికి ఒళ్లు మండింది.

"సముద్రం దాటి వచ్చింది గుమ్మాలు చూసి పోవడానికా? మావాళ్లకు ఎంత భక్తో చూద్దురుగాని అని మా గురువుగారితో గొప్పలు పోయాను. ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఉన్నచోటే ఉంచుకో, బాగానే ఉంది" అన్నాడు నాన్న. తర్వాత మెల్లగా, "శవాలు కాల్చే ఆ ఘాట్‌కు తీసుకెళ్లమ్మా. వచ్చిన దగ్గర్నుంచీ అడుగుతున్నాను కదా" అన్నాడు.

"అది చూడ్డానికి వెళ్లే చోటు కాదు నాన్నా. ఎవరి ఏడుపు వాళ్లది."

అమ్మ కొంగులాంటి తన పొడుగాటి నడికట్టు అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే సుకెర్తి పూలు కొనుక్కొచ్చింది. చిన్న ఆకుదొన్నెలో పూలు పేర్చి దేవుడికి పెట్టడం వాళ్ల ఆడవాళ్లకు అన్నం వండడమంత మామూలు. ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ అమ్మ ఆ పని మానింది లేదు.

"ఇక్కడ కొబ్బరాకు దొరకదు, మోదుగాకుతోనే సరిపెడుతున్నా. ఇవాళ నీ చేత్తో పెట్టమ్మా" అని పళ్లెం జరిపింది.

అమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. సుకెర్తి దొన్నె తీయబోతే ఆ చేయీ పట్టుకుంది. "వద్దు. నువ్వు కూడా పెట్టకు."

మోకాళ్లు, కోతులు, సందులో జనం, అన్నీ సుకెర్తికి ఒక్కసారిగా అర్థమయ్యాయి. వాళ్ల ఊళ్లో ఇంటిల్లిపాదీ గుడి బయట ఆగిపోయారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే. అమ్మ ఇక్కడే ఉంది, నాన్నా ఇక్కడే ఉన్నాడు. అన్న నిన్ననే ఫోన్లో మాట్లాడాడు. ఇక మిగిలింది తనను పెంచిన నాయనమ్మ. ఈమధ్య ఎప్పుడు ఫోన్ చేసినా నిద్రపోతోందనేవాళ్లు.

"నాయనమ్మ ఎన్నాళ్ల నుంచి నిద్రపోతోందమ్మా?"

అమ్మ భోరుమంది. నాన్నే చెప్పాడు. "టికెట్లు కొన్నాక పడకేసింది. తను పోయినా మమ్మల్ని ప్రయాణం మానొద్దంది. నీ పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మన ఆచారం ప్రకారం ప్రస్తుతానికి పూడ్చిపెట్టి వచ్చాం. నువ్వొచ్చాకే పైకి తీసి దహనం."

"మీరు రాకముందు, మొన్న మంగళవారం నేను గుడికెళ్లానే!"

"తెలియక వెళ్లావు, తప్పు లేదు" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "తెలిసీ పంపితే పాపం మాది. మైలలో నిన్ను లోపలికి పంపలేం, ఎందుకో చెప్పలేం. నేనేం చేయనే?"

సుకెర్తి అమ్మ ఒళ్లో తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. నిన్న సందులో అరిచిన ప్రతి మాటా గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయింది. తర్వాత లేచి మొహం కడుక్కుని, "పదండి" అంది.

గుళ్లన్నీ దాటుకుంటూ, శవాలు కాల్చే ఘాట్‌కు తీసుకెళ్లింది. చితులు కాలుతున్నాయి. తలలు గొరిగించుకున్న మగవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. అమ్మ అలవాటుగా పైమెట్టు దగ్గరే ఆగిపోయింది.

"మనం లోపలికి వెళ్లొచ్చంటావా?"

"రా అమ్మా" అని సుకెర్తి చేయి పట్టుకుంది. "ఇక్కడ అందరూ మైలలోనే ఉన్నారు."

ఎవరో ముసలాయన కొంచెం జరిగి వాళ్లకు చోటిచ్చాడు.